రాత్రి ఏడున్నరకి జీపీఎస్ రోవర్ ఫిక్స్ పోతోంది, పదకొండుకి దానంతటదే వస్తోంది. ఎవరికైనా ఇలా అయిందా?

కోనసీమ_చైన్‌మాన్ | మార్చి 21, 2025, రాత్రి 11:52

అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర ప్రైవేటుగా సర్వే పని చేస్తానండి, గొలుసు లాగడంతో మొదలెట్టి ఇప్పుడు రోవర్ (పోల్ మీద పెట్టి పాయింటు కొలిచే జీపీఎస్ రిసీవర్) దాకా వచ్చాం. మూడు రోజుల్నుంచి ఒక లేఔట్ బుర్ర తినేస్తోంది. ఎండకి మధ్యాహ్నం మనుషులు నిలబడట్లేదని సాయంత్రం నాలుగింటికి దిగి, తలకి లైట్లు కట్టుకుని రాత్రి దాకా రాళ్ళు పాతిస్తున్నాం, పార్టీకి ఆదివారం భూమిపూజ. ఏడుంపావు దాకా వెన్నలా సాగుతోంది, ఫిక్స్, అంటే పాయింటు పక్కాగా దొరకడం, రెండు సెంటీమీటర్ల లోపే. ఏడున్నర దాటాక ఒక్కసారిగా ఫ్లోట్, అంటే ఉజ్జాయింపు లెక్క మాత్రమే. పోల్ మీద నీటిబుడగ మధ్యలోనే ఉంది, పట్టుకున్న కుర్రాడు కదల్లేదు, స్క్రీన్ మీద పాయింటు మాత్రం తాగినోడిలా నలభై సెంటీమీటర్లు అటూ ఇటూ నడుస్తోంది. శాటిలైట్లు 31 ఉన్నవి 19, మళ్ళీ 24, మళ్ళీ 17. బేస్ (కదలకుండా ఒకచోట ఉండి రోవర్‌కి సవరణలు పంపే రిసీవర్) మాదే, కిలోమీటరున్నర దూరంలో డాబా మీద పెట్టాం, రేడియో లింకు ఫుల్లు. పదకొండయ్యేసరికి ఏమీ ఎరగనట్టు ఫిక్స్. మూడు రోజులూ అదే టైము. డీలర్ని అడిగితే యాంటెనా పోయిందన్నాడు, కొత్తది కొన్నా, అదీ అంతే. చుట్టుపక్కల ఎవడైనా జామర్ పెట్టాడంటారా?

డ్రోన్_సూరి | మార్చి 22, ఉదయం 6:15

మాకూ అంతే బ్రో, భీమవరం సైడు చెరువుల మీద సాయంత్రం మ్యాపింగ్ లేటయితే ఆర్‌టీకే (ఈ బేస్, రోవర్ పద్ధతే) పోతోంది. నేను మా ఆపరేటర్ సెట్టింగులు కెలికాడనుకుని వాణ్ణి తిట్టా పాపం.

పాలమూరు_డౌటు | మార్చి 22, ఉదయం 8:40

సెల్ టవర్లు ఎక్కువైనయి, గదే సంగతి. సాయంత్రం అందరు రీల్స్ చూస్తరు కదా, నెట్‌వర్క్ జామ్.

కోనసీమ_చైన్‌మాన్ | మార్చి 22, ఉదయం 8:55

నెట్ వాడట్లేదండి, బేస్‌కీ రోవర్‌కీ మధ్య సొంత రేడియో. అది ఆగలేదు.

వాల్తేరు_హామ్ | మార్చి 22, ఉదయం 10:05

జామరూ కాదు టవరూ కాదు బాబూ, నీకు తగిలింది సూర్యుడి దెబ్బ. ఇది మార్చి నెల, ఈక్వినాక్స్ (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు), పైగా సోలార్ సైకిల్ 25 (సూర్యుడి పదకొండేళ్ళ సైకిల్‌లో ఇప్పటిది) పీకు దాటి ఎంతో కాలం కాలేదు. మా హామ్ (సరదాకి సొంత రేడియో నడిపే) వాళ్ళకి ఈ సీజను పండగ, మీ జీపీఎస్ వాళ్ళకి పీడ. రాత్రి ఎనిమిదింటప్పుడు పది మీటర్ల బ్యాండులో దక్షిణం వైపు స్టేషన్లు వింటుంటే గొంతులో నీళ్ళు పోసుకుని మాట్లాడినట్టు వస్తుంది మాట, గుడగుడ గుడగుడమని. ఆ గుడగుడ చేసేదీ నీ శాటిలైట్లని మింగేదీ ఒకటే, పైన 300, 400 కిలోమీటర్ల ఎత్తులో అయనోస్ఫియర్‌లో లేచే బుడగలు. చిన్నప్పుడు షార్ట్‌వేవ్‌లో సిలోన్ స్టేషన్ పెట్టుకుని పాటలు విన్నవాళ్ళకి ఆ ఊగిసలాట తెలుసు, పాట దగ్గరకొచ్చి దూరం పోతూ ఉండేది, అదీ అయనోస్ఫియర్ చలవే. పూర్తి సంగతి మన గాదంకి అబ్బాయి చెప్తే బావుంటుంది, ఉన్నాడా?

పాలమూరు_డౌటు | మార్చి 22, ఉదయం 10:20

పెద్దాయనా గిది సమజైతలేదు. సూర్యుడు మునిగినంక సూర్యుడి దెబ్బ ఏంది? పొద్దంతా ఎండ కొట్టినప్పుడు మంచిగ నడిచింది అంటున్నడు కదా. వాట్సాప్‌ల కూడా వస్తది ఇట్లనే, రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు, ఫోన్లు బంద్ పెట్టుండ్రి అని.

గాదంకి_దారిలో | మార్చి 22, మధ్యాహ్నం 1:30

ఉన్నా సామీ. నేను అక్కడ ఉద్యోగం చేయలేదు, నా పీహెచ్‌డీ డేటా అంతా పై ఆకాశాన్ని చూసే గాదంకి రాడార్‌దే, తిరుపతి నుంచి చిత్తూరు పోయే రోడ్డులో ఉంటుంది, అందుకే ఈ పేరు.

పాలమూరు అన్న అడిగింది అసలు ప్రశ్న. మునిగినాకే ఎందుకు? కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిక పట్టండి.

సూర్యుడి నుంచి వచ్చే తీవ్ర అతినీలలోహిత కిరణాలు పైన గాలిలో అణువుల నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి, ఆ ఎలక్ట్రాన్ల పొరే అయనోస్ఫియర్. మన కంటికి కనిపించే ఎండ పదకొండేళ్ళ సైకిల్‌లో నూటికి 0.1 వంతు కూడా సరిగ్గా మారదు, ఈ కిరణాలు మాత్రం రెట్లలో మారతాయి. కెనడాలో పెంటిక్టన్ అనే చోట రోజూ సూర్యుణ్ణి 2800 మెగాహెర్ట్జ్ మీద కొలుస్తారు, దాన్నే సోలార్ ఫ్లక్స్ అంటారు. 2019లో సూర్యుడు నిద్రపోతున్నప్పుడు అది 70 దగ్గర ఉండేది, ఇప్పుడు 150 పైన ఆడుతోంది.

ఇక మన ప్రత్యేకత. మామూలు భూమధ్యరేఖ కన్యాకుమారికి ఎనిమిది డిగ్రీలు కింద ఉంది, కానీ అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగానే పోతుంది, తిరునెల్వేలి దగ్గర. అక్కడ అయస్కాంత రేఖలు నేలకి సమాంతరంగా పడుకుని ఉంటాయి, దక్షిణం నుంచి ఉత్తరానికి. విక్రమ్ సారాభాయ్ 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి మొదటి రాకెట్ వదిలిందీ అది ఆ రేఖ కింద ఉందనే. పగలు గాలుల వల్ల అక్కడ పడమర నుంచి తూర్పుకి ఒక విద్యుత్ క్షేత్రం పుడుతుంది. అది తూర్పుకీ అయస్కాంత రేఖ ఉత్తరానికీ ఉంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి పైకి లేస్తాయి. పైకి పోయినవి అక్కడే ఉండవు, అయస్కాంత రేఖల వెంట రెండు పక్కలకీ జారి, అటు 15 డిగ్రీలు ఇటు 15 డిగ్రీల దగ్గర పోగుపడతాయి. బోరు పైపు పైకి తిప్పి వదిలితే నీళ్ళు మధ్యలో కాకుండా చుట్టూ దూరంగా పడ్డట్టు. దీన్నే ఫౌంటెన్ అంటారు. ఆపిల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1946లో ఆ రెండు గుట్టల గురించి రాశాడు. మనవైపు ఉత్తరం గుట్ట అహ్మదాబాద్, భోపాల్ వైపు పడుతుంది, గుంట తమిళనాడు కొసన. మన రెండు రాష్ట్రాలూ ఆ గుంటకీ గుట్టకీ మధ్య వాలు మీద ఉన్నాయి. చదునైన చోట కాదు, వాలు మీద. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు సాయంత్రం. కింద 100 కిలోమీటర్ల దగ్గర ఉన్న పొర ఎండ పోగానే గబగబా కరిగిపోతుంది. పగలంతా ఆ పొర పై పొరకి షార్ట్ సర్క్యూట్ వైరులా పనిచేసింది, అది తెగ్గానే పై పొరలో గాలి పుట్టించే కరెంటు పోయే దారి లేక తూర్పు వైపు క్షేత్రం ఒక్కసారి ఎగిరిపడుతుంది, ఆ తర్వాతే తిరగబడి పడమరకి అవుతుంది. ఆ చివరి గంతులో పై పొర మొత్తం పైకి లేస్తుంది. సూర్యుడు చల్లగా ఉన్న ఏళ్ళలో సెకనుకి పది, పదిహేను మీటర్లు, వేడిగా ఉన్న ఏళ్ళలో నలభై, యాభై. అంటే అన్నా, సూర్యుడు పగలు పోసిన సరుకు ఎంత ఎక్కువైతే మునిగేటప్పుడు కొట్టే గంతు అంత పెద్దది. దెబ్బ పగటిదే, తగిలేది రాత్రి.

బీఎస్సీ_మూడో_ఏడు | మార్చి 22, మధ్యాహ్నం 2:10

సార్ మరి బుడగలు ఎక్కడ నుంచి వచ్చాయి? పొర పైకి లేస్తే లేచింది, అది పగలడం ఎందుకు?

గాదంకి_దారిలో | మార్చి 22, మధ్యాహ్నం 2:45

పొర పైకి పోయేసరికి దాని కింద భాగం ఖాళీ అయిపోతుంది, చీకట్లో కింద కొత్త ఎలక్ట్రాన్లు పుట్టవు, ఉన్నవి గాలిలో కలిసిపోతాయి. పైన బరువు, కింద తేలిక. నూనె మీద నీళ్ళు పోస్తే ఎంతసేపు నిలబడతాయి? ఎక్కడో ఒక చిన్న వంకర చాలు, కింది ఖాళీ పైకి తన్నుకొస్తుంది. అన్నం ఉడికేటప్పుడు గంజిలోంచి బుడగ లేచి మూత ఎత్తినట్టు. రేలీ టేలర్ అస్థిరత అని మీ ఫ్లూయిడ్స్ పుస్తకంలో ఉంటుంది, అదే.

ఒక్కో బుడగ తూర్పు పడమరలుగా వంద కిలోమీటర్ల వెడల్పు, ఉత్తర దక్షిణాలుగా వేల కిలోమీటర్లు, ఎందుకంటే అయస్కాంత రేఖ మొత్తం పొడుగునా ఒకే బుడగ. అసలు తమాషా ఇక్కడుంది. కన్యాకుమారి మీద బుడగ ఎంత ఎత్తుకు లేస్తే దాని కాళ్ళు అంత ఉత్తరానికి చాచుకుంటాయి. ఐదారొందల కిలోమీటర్లు లేస్తే కోనసీమ, హైదరాబాద్ దాకా వస్తుంది. అహ్మదాబాద్ తాకాలంటే ఎనిమిది, తొమ్మిది వందలు లేవాలి. చల్లటి ఏళ్ళలో అంత లేవవు, కాబట్టి 2019లో మన చైన్‌మాన్ అన్న రాత్రి పని చేసినా తెలిసుండేది కాదు.

బుడగ అంచుల్లో కిలోమీటర్ల నుంచి మీటర్ల దాకా చిన్న చిన్న ముడతలుంటాయి. జీపీఎస్‌ని ఏడిపించేవి కొన్ని వందల మీటర్ల సైజువి. మా రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది కాబట్టి దానికి కనపడేవి 2.8 మీటర్లవి, వేవ్‌లెంగ్త్‌లో సగం. 32 వరసలు, వరసకి 32 యాంటెనాలు, మొత్తం 1024. మొదటిసారి రాత్రి షిఫ్టులో స్క్రీన్ మీద ఆ బుడగ ఈకలా పైకి లేవడం చూసినప్పుడు టీ చల్లారిపోయింది, నిజంగా.

పాలమూరు_డౌటు | మార్చి 22, మధ్యాహ్నం 3:05

సరే సమజైంది కొంచెం. గంజి ముచ్చట మంచిగ చెప్పినవ్. సెల్ టవర్ మాట వాపస్ తీసుకుంటున్న.

లేఔట్_ప్రసాద్ | మార్చి 22, సాయంత్రం 5:30

ఒక్క నిమిషం. నేనూ ఇదే ఫీల్డు. మన రిసీవర్లన్నీ డ్యూయల్ ఫ్రీక్వెన్సీ కదండీ, రెండు ఫ్రీక్వెన్సీలు ఉండేదే అయనోస్ఫియర్ తప్పు కొట్టెయ్యడానికి అని ట్రైనింగులో చెప్పారు. పైగా బేస్ కిలోమీటరున్నరలో ఉంటే ఇద్దరి మీదా ఒకే ఆకాశం, తీసివేతలో పోవాలి. కాబట్టి ఇది ఎక్విప్‌మెంట్ ప్రాబ్లమే అని నా డౌటు.

గాదంకి_దారిలో | మార్చి 22, సాయంత్రం 6:20

ట్రైనింగులో చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పారు. రెండు వేరే జబ్బులు ఇవి.

మొదటిది ఆలస్యం. పొరలో ఎలక్ట్రాన్లు ఎక్కువైతే సిగ్నల్ లేటుగా వస్తుంది. టెక్ యూనిట్ అని ఆ ఎలక్ట్రాన్లకి కొలత ఒకటుంది, ఒక యూనిట్‌కి ఎల్1 (జీపీఎస్ మొదటి ఫ్రీక్వెన్సీ) మీద 16 సెంటీమీటర్లు తప్పు. సూర్యుడు వేడిగా ఉన్న ఏడాది మధ్యాహ్నం రెండు, మూడింటికి వాలు పైభాగంలో 100 యూనిట్లు దాటినా ఆశ్చర్యం లేదు, అంటే 16 మీటర్లు. దీన్ని రెండు ఫ్రీక్వెన్సీలతో కొట్టెయ్యొచ్చు, బేస్ దగ్గరుంటే తీసివేతలో పోతుంది, మీరన్నది కరెక్టే. వాలు మీద ఉన్నాం కాబట్టి బేస్ యాభై, అరవై కిలోమీటర్లలో ఉంటే పూర్తిగా పోదు.

రెండోది మిణుకు, సింటిలేషన్. నక్షత్రం మిణుకుమన్నట్టు సిగ్నల్ బలం సెకనులో చాలాసార్లు పడి లేస్తుంది, ఫేజ్ (అల ఏ దశలో ఉందన్నది) గింగిరాలు తిరుగుతుంది. రిసీవర్ ఆ ఫేజ్ పట్టుకుని వేలాడుతోంది, చెయ్యి జారితే సైకిల్ స్లిప్, కౌంటు మళ్ళీ మొదట్నుంచి. మిణుకుని రెండు ఫ్రీక్వెన్సీలు కొట్టెయ్యలేవు, ఎల్2 (రెండో ఫ్రీక్వెన్సీ) ఇంకా ముందే చస్తుంది. ఫ్రీక్వెన్సీ తగ్గేకొద్దీ దెబ్బ ఎక్కువ. జీపీఎస్ లాంటిదే మన దేశానిది నావిక్, దాన్లో ఎల్5 ఫ్రీక్వెన్సీతో పాటు 2492 మెగాహెర్ట్జ్ ఎస్ బ్యాండు కూడా ఉంది, దాని మీద ఈ దెబ్బ తక్కువ.

మిణుకు లేనప్పుడు కూడా మన ఆకాశం వేరే రకం. విమానాల కోసం ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ (జీపీఎస్ తప్పులు సరిదిద్దే శాటిలైట్ వ్యవస్థ) కట్టినప్పుడు అమెరికా మోడల్ ఇక్కడ సరిపోక మన ఆకాశానికి వేరే అయనోస్ఫియర్ మోడల్ చేసుకోవాల్సొచ్చింది. 2015 ఏప్రిల్‌లో అది దిగే విమానాలకి పనికొచ్చే స్థాయి సర్టిఫికెట్ తెచ్చుకుంది.

లేఔట్_ప్రసాద్ | మార్చి 22, సాయంత్రం 6:41

ఓకే సార్. ఫ్లోట్ అయితే అయింది, కనీసం తెలుస్తుంది. తప్పుడు ఫిక్స్ చూపిస్తే మాత్రం కొంప కొల్లేరు.

కోనసీమ_చైన్‌మాన్ | మార్చి 23, ఉదయం 9:10

ప్రసాద్ గారూ మీ నోరు మంచిదవ్వ, అదే జరిగిందండి. మీ మాట చదివి భయమేసి పొద్దున్నే అయిదున్నరకి వెళ్ళి రాత్రి పాతినవన్నీ మళ్ళీ కొట్టా. ఏడింటిలోపు పాతినవన్నీ సెంటీమీటరు తేడాలో ఉన్నాయి. ఎనిమిదిన్నరకి మధ్యలో ఒక నిమిషం ఫిక్స్ అని పచ్చగా వస్తే సంబరపడి గబగబా రెండు రాళ్ళు వేయించా, అందులో ఒకటి 27 సెంటీమీటర్లు పక్కకుంది. పూజకి పార్టీ కార్లు దిగేలోపు పీకించి మళ్ళీ వేయించా, మేస్త్రీ నావైపు చూసిన చూపు మర్చిపోను. ఆ రాయి అలా ఉండిపోతే రెండు కుటుంబాలు పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగేవి.

వాల్తేరు_హామ్ | మార్చి 23, ఉదయం 9:45

బతికించావు. ఇకమీదట రాత్రిపూట ఫిక్స్ వచ్చినా రోవర్‌ని ఆపి మళ్ళీ మొదట్నుంచి పట్టించు, రెండుసార్లూ ఒకటే వస్తే రాయి వెయ్యి. తెలిసిన పాయింటు ఒకటి దగ్గర పెట్టుకుని గంటకోసారి దాని మీద నిలబడి చూసుకో. ఏడు నుంచి పదకొండు దాకా అసలు మానేస్తే ఇంకా హాయి.

ఓడమీద_రామం | మార్చి 24, రాత్రి 2:20

లేటుగా చూశా, సముద్రంలో నెట్ దొరికినప్పుడే కదా. మర్చంట్ నేవీలో ఉన్నా, ఊరు కాకినాడ. మాకు ఇది పాత చుట్టం. బ్రెజిల్ తీరంలో శాంటోస్ బయట లంగరేసి ఉన్నాం ఒక డిసెంబర్లో, రోజూ రాత్రి శాటిలైట్ ఫోను తెగేది, రెండు జీపీఎస్‌లూ ఒకేసారి అలారం కొట్టేవి, కెప్టెన్ నన్ను లేపేవాడు. అక్కడ డిసెంబర్, ఇక్కడ మార్చి, ఎందుకో ఎవరైనా చెప్తారా? ఎప్పట్నుంచో ఉన్న డౌటు.

గాదంకి_దారిలో | మార్చి 24, ఉదయం 7:50

రామం అన్నా, మంచి చోటు పట్టుకున్నావు. సూర్యాస్తమయం గీత, అయస్కాంత రేఖ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నప్పుడు ఆ రేఖకి రెండు చివర్లా ఒకేసారి చీకటి పడుతుంది, రెండు వైపులా కింద పొర ఒకేసారి తెగుతుంది, గంతు గట్టిగా పడుతుంది. ఒక చివర చీకటి, ఒక చివర ఇంకా వెలుతురు ఉంటే వైరు సగమే తెగినట్టు, గంతు చప్పబడుతుంది. మన దగ్గర అయస్కాంత ఉత్తరం దాదాపు అసలు ఉత్తరం వైపే ఉంది కాబట్టి చీకటి గీత నిటారుగా ఉండే మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్లలో కుదురుతుంది. బ్రెజిల్లో దిక్సూచి ముల్లు ఇరవై డిగ్రీల దాకా పడమరకి వంగి ఉంటుంది, ఆ వంపుకి సరిపడేలా చీకటి గీత వాలేది డిసెంబర్ వైపు.

బీఎస్సీ_మూడో_ఏడు | మార్చి 24, ఉదయం 8:30

వావ్. సార్ మరి సౌర తుఫాను వస్తే ఇంకా ఎక్కువ అవ్వాలి కదా? పోయిన ఏడాది మే 10న వచ్చింది కదా, లడఖ్‌లో హాన్లే దగ్గర ఆకాశం ఎర్రగా అయింది, అమెరికాలో రైతుల ట్రాక్టర్లు జీపీఎస్ లేక నాట్ల టైములో ఆగిపోయాయి అని చదివాను.

గాదంకి_దారిలో | మార్చి 24, ఉదయం 9:15

అక్కడే చాలామంది పొరబడతారు అమ్మా. తుఫాను అంటే మన దగ్గర రెండు రకాలుగానూ కొట్టొచ్చు. తుఫాను మొదలైన గంటల్లో ధ్రువాల నుంచి విద్యుత్ క్షేత్రం సూటిగా ఇక్కడిదాకా చొచ్చుకొస్తుంది, ఆ టైముకి మనకి సాయంత్రమైతే గంతు రెట్టింపై పెద్ద పెద్ద బుడగలు. కానీ కొన్ని గంటలయ్యాక ధ్రువాల దగ్గర వేడెక్కిన గాలి ఇటు ప్రయాణం కట్టి ఇక్కడ ఎదురు క్షేత్రం పుట్టిస్తుంది, సాయంత్రం గంతుని అది అణిచేస్తుంది. అప్పుడు బుడగే లేవదు. అంటే పేపర్లో భూమిని సౌర తుఫాను తాకింది అని పెద్ద అక్షరాలతో వేసిన మర్నాడు రాత్రి మన చైన్‌మాన్ అన్న రోవర్ హాయిగా పనిచెయ్యొచ్చు. ఏ వార్తా లేని మామూలు మార్చి రాత్రి చెడిపోవచ్చు. ఉత్తర దేశాల వాళ్ళకి తుఫానే సమస్య, మనకి తుఫాను లేని రోజు కూడా సమస్యే. మన టీవీల్లో ఎప్పుడూ ఆరోరాలూ (ఆకాశంలో రంగు వెలుగులు) ఎక్స్ క్లాస్ ఫ్లేర్లే (సూర్యుడి మీద పెద్ద పేలుళ్ళు) చూపిస్తారు, దీని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు అదొక కడుపుమంట.

వాల్తేరు_హామ్ | మార్చి 24, ఉదయం 10:00

ఫ్లేర్ సంగతి నేను చెప్తా. అది పట్టపగలు దొంగ. ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో వచ్చి అన్నిటికన్నా కింద ఉన్న డీ పొరని దట్టం చేస్తాయి, షార్ట్‌వేవ్ అంతా అది పీల్చేసుకుంటుంది. నేను ఒక మధ్యాహ్నం మాట్లాడుతుండగా మాట మధ్యలో అవతలి మనిషి పోయాడు, బ్యాండు మొత్తం నిశ్శబ్దం, నా యాంటెనా తెగిందనుకుని డాబా ఎక్కా, ఆ ఎండలో కాళ్ళు కాలాయి. నలభై నిమిషాల తర్వాత ఎక్కడివాళ్ళు అక్కడ మళ్ళీ మాట్లాడుతున్నారు. రాత్రి ఉన్న వైపు దాన్ని అసలు పట్టించుకోనక్కర్లేదు.

పాలమూరు_డౌటు | మార్చి 24, ఉదయం 10:25

ఇంకొకటి అడుగుత. సూర్యుణ్ణి చూసే మన ఆదిత్య ఎల్1 పైన ఉంది కదా, మన శ్రీహరికోట నుంచే పోయింది. ఇయ్యాల రాత్రి బుడగ లేస్తదా లేవదా అని అది చెప్పలేదా?

గాదంకి_దారిలో | మార్చి 24, ఉదయం 11:40

ఆదిత్య 2023 సెప్టెంబర్ 2న పోయి 2024 జనవరి 6న తన చోటు చేరింది, ఇక్కడికి 15 లక్షల కిలోమీటర్లు. సౌర గాలి దాన్ని దాటాక మనకి చేరడానికి అరగంట నుంచి గంట. తుఫాను వస్తోందని చెప్పడానికి అది పనికొస్తుంది. కానీ ఇవాళ రాత్రి బుడగ లేస్తుందా అన్నది వేరే కథ. సీజను చెప్పగలం, ఏ ఏళ్ళలో ఎక్కువో చెప్పగలం, సోమవారం లేచి మంగళవారం లేవకపోవడం ఎందుకో మాత్రం 1938లో పెరూలోని వాన్‌కాయోలో స్ప్రెడ్ ఎఫ్ (ఈ బుడగల జాడే) మొదట చూసినప్పట్నుంచీ ఈ ఫీల్డు మొత్తం కొట్టుకుంటోంది. కింద నుంచి వచ్చే గాలి అలలు ఆ మొదటి వంకర పెడతాయంటారు, ఏ రోజు ఏ అల వస్తుందో ముందు తెలియదు. నా థీసిస్‌లో మూడో చాప్టరు అక్కడే ఆగింది, మా గైడు ఇంకా గుర్తుచేస్తుంటారు.

కోనసీమ_చైన్‌మాన్ | ఏప్రిల్ 6, రాత్రి 10:18

మళ్ళీ నేనేనండి. ఈ గొడవ ఏంటో నా కళ్ళతో చూడాలని రోవర్‌ని మా డాబా మీద ట్రైపాడ్ మీద పెట్టి రోజూ సాయంత్రం ఆరు నుంచి పన్నెండు దాకా రికార్డింగ్ పెట్టా, సెకనుకి ఒక రీడింగు. మా ఆవిడ పక్కింటివాళ్ళకి ఆయన చుక్కలు లెక్కపెడుతున్నాడని చెప్పింది. పదకొండు రాత్రుల్లో ఎనిమిది రాత్రులు వచ్చింది, మూడు రాత్రులు ఏమీ లేదు. వచ్చిన రాత్రుల్లో పెన్సిల్ పెట్టి రాసుకుంటే ఒక వరస కనిపించింది. ముందు పడమర వైపు కిందుగా ఉన్న శాటిలైట్లు పోతాయి, కాసేపటికి నెత్తి మీదవి, ఆ తర్వాత తూర్పువి, ఈలోగా పడమరవి తిరిగొస్తాయి. ఉత్తరం వైపున్న ఒకటి రెండు మాత్రం ఆ మూడు గంటలూ కదలకుండా నిలబడ్డాయి. గాలివాన కారుమబ్బు ఊరి మీదుగా పోయినట్టుంది.

గాదంకి_దారిలో | ఏప్రిల్ 6, రాత్రి 10:40

అన్నా మీరు చూసింది బుడగ తూర్పుకి పోవడం! సెకనుకి వంద మీటర్ల పైమాటే దాని నడక, గంటలో ఎంత దూరమో లెక్కేసుకోండి. మేము దీనికి మూడు రిసీవర్లూ ఒక గ్రాంటూ అడుగుతాం.

బీఎస్సీ_మూడో_ఏడు | ఏప్రిల్ 6, రాత్రి 10:52

అంకుల్ ప్లీజ్ ఆ రా ఫైళ్ళు నాకు ఇస్తారా? ప్రాజెక్టు ఇంకా ఖాయం చేసుకోలేదు, ఇదే చేస్తాను. సార్ హెల్ప్ చేస్తారు కదా?

గాదంకి_దారిలో | ఏప్రిల్ 6, రాత్రి 10:55

చేస్తా, మెసేజ్ పెట్టమ్మా.

కోనసీమ_చైన్‌మాన్ | ఏప్రిల్ 6, రాత్రి 11:04

తప్పకుండానమ్మా, లింకు పంపుతా. మొత్తం పది ఫైళ్ళే ఉంటాయి, ఏప్రిల్ 1ది లేదు, ఆ రాత్రి శాటిలైట్లు పోవడం పెన్సిల్‌తో రాసుకున్నా గానీ రికార్డింగు బటన్ నొక్కడం మర్చిపోయా, ఆ కాగితం ఫోటో తీసి పెడతా. ఇంకో మాట, 29న తొమ్మిదింటికి ఒక్క శాటిలైట్ ఒంటరిగా పోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోకు. అది బుడగ కాదు, మా పిల్లి యాంటెనా మీద కూర్చుంది.

పాలమూరు_డౌటు | ఏప్రిల్ 6, రాత్రి 11:09

పిల్లికి ఎన్ని యూనిట్లు సార్ 😂